మన లెక్క మనమే రాయాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి ఈ పత్రికకు ప్రతి నెలా వ్యాసాలు వస్తుంటాయి. కొన్ని చేతిరాతలో వస్తాయి, కొన్ని వాట్సాప్‌లో వస్తాయి. వాటిలోని ఆవేదన నిజమైనదే. మన సమాజం వెనుకబడి ఉన్నదని, పాలకులు పట్టించుకోవడం లేదని దాదాపు అన్నింటిలోనూ రాసి ఉంటుంది. ఎంత వెనుకబడి ఉన్నది, ఏ ఊళ్లో, ఎవరితో పోలిస్తే, ఎవరు లెక్కించారు అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు దొరకదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాడిని కనుక నాకు అనుభవపూర్వకంగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఆధారం జతచేయని నోటు పై అధికారి బల్ల మీద నిలవదు. "పరిశీలించి తిరిగి సమర్పించండి" అన్న ఒక్క ముక్కతో కింది సెక్షనుకు వచ్చేస్తుంది. మన పెద్దలు ఎన్నో ఏళ్లుగా సమర్పిస్తున్న వినతి పత్రాలలో చాలావాటి గతి కూడా ఇంతే.

అందువల్ల ఈ నెల సంపాదకీయాన్ని ఒక విన్నపానికి కేటాయిస్తున్నాను. మన మూడు జిల్లాలలో డిగ్రీలు, పీజీలు చదివిన యువతీ యువకులు, మసీదు కమిటీలలోనూ స్వచ్ఛంద సంఘాలలోనూ పనిచేస్తున్న కార్యకర్తలు సమాజాభివృద్ధిపై వెలువడే పరిశోధన పత్రికలకు వ్యాసాలు రాసి పంపాలి. అది ఆచార్యులకే చెందిన వ్యవహారమని మనం దూరంగా ఉండిపోయాము. ఆ దూరానికి మనం చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో ముస్లిం రిజర్వేషన్ల చరిత్రను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2004లో ప్రభుత్వం 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వులు జారీ చేసింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్లీ తెచ్చారు; అదే ఏడాది నవంబరులో మళ్లీ కొట్టివేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత, ముస్లింలలో వెనుకబడిన వర్గాలను గుర్తించి బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి, అందుకు ఆధారంగా తీసుకున్న సమాచారం శాస్త్రీయంగా లేవన్నది ఈ తీర్పులలో వినిపించిన ప్రధానమైన ఆక్షేపణలలో ఒకటి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల వల్లనే ఆ 4 శాతం అమలు కొనసాగింది. మన పిల్లలు ఇంజనీరింగు, మెడికల్ సీట్లలో చేరినది ఆ ఉత్తర్వుల బలంతోనే.

తీర్పులలోని న్యాయాన్యాయాల చర్చ న్యాయవాదులకు వదిలేద్దాం. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఖురేషీలు, హజాములు మన ఊళ్లలో ఎలా బతుకుతున్నారో కోర్టుకు చూపవలసి వచ్చిన రోజున, నిపుణులు పరిశీలించి అచ్చు వేసిన అధ్యయనాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? కమిషన్ వచ్చిన రోజున మనం శాలువాలు, పూలదండలు, వినతి పత్రాలు సిద్ధం చేసుకున్నాము. అంతకు పదేళ్ల ముందు నుంచి సిద్ధం చేయవలసిన కాగితాలను సిద్ధం చేయలేదు.

సచార్ కమిటీ నివేదిక ఎందుకు నిలబడింది? 2005 మార్చిలో ఏర్పడిన ఆ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో మనకు తెలియని బాధ ఏదీ లేదు. కొత్తగా ఉన్నది లెక్క. 2001 జనగణన ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం ఉండగా ముస్లింలలో అది 59.1 శాతం. జనాభాలో 13.4 శాతం ఉన్నవారు ఐఏఎస్ అధికారులలో 3 శాతమే. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ అంకెలను ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక కూడా ఆ దారిలోనే నడిచింది.

ఆధారంతో జవాబు చెప్పడం మన గడ్డకు కొత్త విద్య కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ఖండన వ్యాసంతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ తరువాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనది కూడా ఆయనే. మన రచయితలు కూడా సాహిత్యంలో ఇటువంటి పని చేశారు. 1998లో వచ్చిన జల్‌జలా కవితా సంకలనం, 2004లో వచ్చిన వతన్ కథా సంకలనం తెలుగు పాఠకునికి ముస్లిం ఇంటి లోపలి జీవితాన్ని పరిచయం చేశాయి. పరిశోధన రంగంలో మాత్రం ఆ స్థానం ఇంకా ఖాళీగానే ఉన్నది.

పరిశోధన వ్యాసం వల్ల పేదవాడికి ఒరిగేదేమిటని కొందరు అడుగుతారు. జవాబు మన పొలాలలోనే ఉన్నది. విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనికి బడి మాన్పించి పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను పెట్టుకోవడం నడిగడ్డలో అందరికీ తెలిసిన విషయమే. తెలిసినంత మాత్రాన ఏమీ మారలేదు. హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల విత్తన పత్తి చేలలో తిరిగి, ఏ పనికి ఎవరిని పెడుతున్నారో, అడ్వాన్సు ఎలా ఇస్తున్నారో నమోదు చేశారు. ఆ అధ్యయనం నివేదికలుగానే కాక 2001లో జర్నల్ ఆఫ్ పెజెంట్ స్టడీస్ అనే అంతర్జాతీయ పత్రికలో వ్యాసంగానూ వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాలలో బహుళజాతి విత్తన కంపెనీలు తమ దేశాలలోనే జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. పిల్లల పని పూర్తిగా ఆగిపోయిందని నేను అనను. అయితే లేదని బొంకే వీలు మాత్రం పోయింది.

ఇక ఏమి రాయాలి? మన చుట్టూ ఉన్నదే రాయాలి. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం వెల్లడించిన కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. ఇది రాష్ట్రం మొత్తానికి వేసిన లెక్క. అలంపూర్‌లోని ఒక మొహల్లాలో, అచ్చంపేటలోని ఒక వీధిలో ఏమి జరుగుతున్నదో ఇందులో కనిపించదు. 2016 అక్టోబరులో మన జిల్లాలు ఏర్పడ్డాయి. 2011 జనగణన అంకెలను కొత్త సరిహద్దుల ప్రకారం విడదీసి చూస్తే జోగుళాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. రాష్ట్రంలో అన్నింటికంటే అడుగున ఉన్నది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027కు వాయిదా పడింది. అంటే ఇవాళ కలెక్టరు బల్ల మీద ఉన్న అంకెల వయసు పదిహేనేళ్లకు చేరువైంది. ఈ స్థితిలో ఒక పట్టణంలోని రెండు వందల ఇళ్లను పద్ధతిగా సర్వే చేసినా దానికి విలువ ఉంటుంది.

ఉర్దూ మీడియం పిల్లలు ఏ తరగతి తరువాత బడి మానేస్తున్నారు? ముంబయి, పుణె వలస వెళ్లిన ఇంట్లో ముసలివాళ్ల రేషన్ ఎవరు తెస్తున్నారు? దూది ఏకే పని పోయిన తరువాత దూదేకుల కుటుంబాలు ఏ పనిలోకి మళ్లాయి? మైనారిటీ గురుకులాలలో చదివిన మొదటి జట్ల ఆడపిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? వక్ఫ్ గెజిటులో ఉన్న భూమికి, క్షేత్రంలో ఉన్న భూమికి తేడా ఎంత? వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యాసం. సమాచారం కోసం సమాచార హక్కు చట్టాన్ని వాడుకోండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో జవాబు రావాలి. అడిగేటప్పుడు ఏ రిజిస్టరు, ఏ సంవత్సరం, ఏ కాలమ్ అన్నది స్పష్టంగా రాయండి. మొత్తం సమాచారం ఇవ్వండి అని రాస్తే ఏమీ రాదు. ఆ దరఖాస్తులు చూసినవాడిగా చెబుతున్నాను.

ఎక్కడికి పంపాలి? సమాజాభివృద్ధి శాస్త్రానికి మన రాష్ట్రంతో పాత బంధుత్వం ఉన్నది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం దేశంలో మొదలైంది. ఆ రోజులలోనే ఆచార్య ఎస్.సి. దూబే హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి 1955లో వెలువరించిన గ్రంథం ప్రపంచంలో ఎందరో విద్యార్థులకు పాఠ్యమైంది. ఆ పథకం కోసం 1958లో ముస్సోరీలో పుట్టిన సంస్థ 1965లో హైదరాబాదుకు వచ్చింది. అదే నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ. రాజేంద్రనగర్ నుంచి ఆ సంస్థ వెలువరించే జర్నల్ ఆఫ్ రూరల్ డెవలప్‌మెంట్ మనకు అతి దగ్గరిది. ముంబయిలోని టాటా సంస్థ 1940 నుంచి ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ నడుపుతున్నది. 1966 నుంచి వస్తున్న ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో పెద్ద వ్యాసాలతో పాటు చిన్న వ్యాఖ్యా వ్యాసాలకూ చోటు ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ జర్నల్ కూడా 1966లో మొదలైనదే. ముందుగా ఆ పత్రికల పాత సంచికలు రెండు మూడు చదవండి. మీ విషయం వారి పరిధిలోకి వస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

పంపే పద్ధతి కార్యాలయ పద్ధతికి పెద్దగా భిన్నం కాదు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. మీ పేరు, చిరునామా వేరే పుటలో ఉండాలి. వ్యాసం లోపల మీరెవరో తెలియకూడదు. ఎందుకంటే దానిని చదివే ఇద్దరు నిపుణులకు మీ పేరు తెలియదు, వారి పేర్లు మీకు తెలియవు. అక్కడ సయ్యద్ అయినా దూదేకుల అయినా, ప్రొఫెసరు కొడుకైనా పంక్చరు షాపువాడి కూతురైనా ఒకటే. మొదట 150, 200 మాటలలో సారాంశం ఇవ్వాలి. తరువాత మీ ప్రశ్న ఏమిటి, దానిపై ఇదివరకు ఎవరు ఏమి రాశారు, మీరు సమాచారం ఎలా సేకరించారు, ఏమి కనుగొన్నారు, మీ అధ్యయనానికి ఉన్న పరిమితులు ఏమిటి అన్న క్రమం పాటించాలి. సమాచారం ఇచ్చినవారి అనుమతి తీసుకోవాలి, వారి పేర్లు మార్చాలి. ఇతరుల వాక్యాలు ఎత్తి రాయకూడదు. యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం దాటిన పోలికను తప్పుగా పరిగణిస్తాయి.

ఈ నిబంధనలు కొందరికి చాదస్తంగా తోచవచ్చు. హదీసులను సేకరించిన మన పూర్వ విద్వాంసులు ఒక మాట ఎవరి నుంచి విన్నారు, ఆయన ఎవరి నుంచి విన్నారు అని గొలుసు మొత్తాన్ని పరిశీలించేవారు. ఆ గొలుసుకే సనద్ అని పేరు. ఒక్క లంకె బలహీనమైతే ఆ కథనం ఎంత ఇంపుగా ఉన్నా బలహీనమైనదిగానే లెక్కించారు. పరిశోధన పత్రిక మనల్ని అడిగేదీ సనదే.

ఇక్కడ నా వైఫల్యాన్ని ఒకదానిని దాచకుండా చెప్పుకోవాలి. పదవీ విరమణ తరువాత ఇద్దరు యువకులతో కలిసి ఒక పట్టణంలో బడి మానేసిన పిల్లల గురించి వ్యాసం రాశాను. మొదటి పత్రిక రెండు వారాలలో తిప్పి పంపింది. రెండవ పత్రిక నుంచి ఐదు నెలల తరువాత ఇద్దరు పరిశీలకుల అభిప్రాయాలు వచ్చాయి. అందులో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఈ ఇళ్లను ఎలా ఎంపిక చేశారు?" నాకు కోపం వచ్చింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడిని, నన్నా అడిగేది అనుకున్నాను. రాత్రి జాబితా ముందు పెట్టుకుని చూస్తే విషయం బోధపడింది. మేము వెళ్లిన ఇళ్లన్నీ మసీదులో పరిచయమున్న మగవారి ఇళ్లు. భర్త చనిపోయిన స్త్రీలు, భర్త వదిలేసిన స్త్రీలు పిల్లలతో ఉంటున్న వెనుక వీధి గదులు ఒక్కటి కూడా జాబితాలో లేవు. పిల్లలు ఎక్కువగా బడి మానుతున్నది ఆ గదులలోనే. ఇరవై ఏళ్లుగా సమాజ సేవకుడినని చెప్పుకుంటున్న నాకు, మా మొహల్లాలో నేను చూడని ఇళ్లు ఉన్నాయని ముఖం తెలియని మనిషి వేసిన ఒక్క ప్రశ్న చూపింది.

మళ్లీ బయలుదేరాము. ఈసారి ఒక అంగన్‌వాడీ టీచరమ్మను, ఒక డిగ్రీ విద్యార్థినిని వెంట తీసుకుని వెళ్లాము, ఎందుకంటే ఆ తలుపులు మగవారికి తెరుచుకోవు. ఆ వ్యాసం ఇంకా అచ్చు కాలేదు. రెండవసారి పరిశీలనలో ఉన్నది. కానీ ఆ జాబితా పట్టుకుని, అర్హత ఉండీ వితంతు పింఛనుకు దరఖాస్తు చేయని స్త్రీల చేత మా కమిటీ దరఖాస్తులు పెట్టించగలిగింది. తిరస్కరణ అవమానం కాదని అప్పుడు అర్థమైంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. డబ్బు తీసుకుని మూడు రోజులలో వ్యాసం అచ్చు వేసే నకిలీ పత్రికలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసపుచ్చిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. నాణ్యమైన పత్రికల జాబితాగా యూజీసీ తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025లో ఎత్తివేశారు. కనుక వివేచన మన మీదనే ఉన్నది. ఐఎస్ఎస్ఎన్ అంకె ఉన్నంత మాత్రాన పత్రిక మంచిది కాదు. అది ఇంటి నంబరు వంటిది. సంపాదక వర్గంలో ఎవరున్నారు, వారు నిజంగా ఆయా విశ్వవిద్యాలయాలలో ఉన్నారా, పరిశీలనకు ఎంత కాలం తీసుకుంటారు అన్నది చూడండి. తొందరగా అచ్చు వేస్తామని వారే మీ వెంటపడితే అనుమానించండి. అటువంటి చోట అచ్చయిన వ్యాసాన్ని రేపు కమిషన్ ముందు పెడితే ఎదుటి వకీలు ఒక్క నిమిషంలో పక్కకు తోసేస్తాడు.

ఇంగ్లీషు రాదే అన్నది చాలామంది వెనుకాడడానికి కారణం. నిజమే, ఈ పత్రికలలో ఎక్కువ భాగం ఇంగ్లీషువే. మీరు తెలుగులోనో ఉర్దూలోనో క్షుణ్ణంగా రాయండి. పాలమూరు విశ్వవిద్యాలయంలో, స్థానిక డిగ్రీ కళాశాలలలో అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం చెప్పే అధ్యాపకులతో కలిసి ఇంగ్లీషులోకి తెండి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో సామాజిక వెలివేతపై అధ్యయనం చేసే అల్-బెరూనీ కేంద్రం ఉన్నది. అక్కడి వారిని సంప్రదించండి. అయితే ఒక్క షరతు. రచయితలుగా ఎవరి పేర్లు, ఏ వరుసలో ఉంటాయో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. ఎండలో ఇల్లిల్లూ తిరిగి వివరాలు తెచ్చిన అమ్మాయి పేరు చివర కృతజ్ఞతలలోకి జారిపోవడం మనం చూస్తున్నాం. అది కూడా ఒక హక్కుల ఉల్లంఘనే.

మనలోని లోపాలు బయటపెడితే ప్రత్యర్థులకు ఆయుధం ఇచ్చినట్లు కాదా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. బాల్య వివాహం, కట్నం, మనలో మనం పాటించే హెచ్చుతగ్గులు, ముతవల్లీల నిర్లక్ష్యం మన అధ్యయనాలలో కనిపిస్తే దాచకూడదని నా అభిప్రాయం. అనుకూలమైనది మాత్రమే రాసేవాడి మాటను, నిజం చెప్పిన రోజున కూడా ఎవరూ నమ్మరు.

ఈ పత్రిక తరఫున ఒక మాట ఇస్తున్నాను. మూడు జిల్లాల నుంచి ఎవరైనా తమ చిత్తు ప్రతిని పంపితే, పరిశోధన పత్రికకు పంపే ముందు శ్రద్ధగా చదివి, ఎక్కడ ఆధారం చాలలేదో గుర్తు పెట్టి తిప్పి పంపుతాము. ప్రశ్నావళి తయారీకి, సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి నేను స్వయంగా కూర్చుంటాను. ఆ పని నాకు బాగా చేతనైనది. రంజాన్ నాటికి ఒక్కో జిల్లా నుంచి కనీసం ఒక్క చిత్తు ప్రతి అయినా మా బల్ల మీదకు రావాలని కోరుకుంటున్నాను. మొదటి వాక్యంలో "మన సమాజం వెనుకబడి ఉన్నది" అని రాయకండి. మీరు ఏ ఊరిలో, ఏ వీధిలో, ఎన్ని ఇళ్ల తలుపులు తట్టారో రాయండి. అక్కడి నుంచి కలిసి ముందుకు వెళదాం.